స్టాక్ క్లచ్చా, పెర్ఫార్మెన్స్ క్లచ్చా? స్పోర్టీ కార్ల వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నా దగ్గర పాత స్కోడా లారా ఆర్‌ఎస్ ఉంది. 1.8 టీఎస్‌ఐ ఇంజిన్, ఆరు గేర్ల మాన్యువల్, కంపెనీ లెక్కలో 160 పీఎస్ పవర్, 250 ఎన్‌ఎం టార్క్ (ఇంజిన్ తిప్పే బలం). ఈ కారు ఇప్పటిదాకా మూడు క్లచ్‌లు చూసింది: ఒకటి దాంతోపాటు వచ్చింది, ఒకటి ఆవేశంలో వేయించింది, ఒకటి బుద్ధొచ్చాక వేయించింది. అప్పట్నుంచి స్నేహితులు, వాళ్ల స్నేహితులు ఫోన్ చేసి అవే ప్రశ్నలు అడుగుతుంటారు. వాటిని ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. స్టాక్ అంటే కంపెనీ వేసి ఇచ్చింది, పెర్ఫార్మెన్స్ అంటే అంతకంటే ఎక్కువ పట్టున్నది. పోలో టీఎస్‌ఐ, వర్టస్ జీటీ, స్లావియా, అబార్త్ పుంటో లాంటివి నడిపేవాళ్లకి ఎక్కువగా పనికొస్తుంది.

కారులో ఏమీ మార్చలేదు. క్లచ్ అరిగింది. ఎలాగూ గేర్‌బాక్స్ దించుతున్నారు కదా, పెర్ఫార్మెన్స్ క్లచ్ వేయించేయనా?

వద్దు. కంపెనీకి సప్లై చేసే తయారీదారుదే మంచి క్లచ్ సెట్ వేయించుకుని హాయిగా తిరగండి. "ఎలాగూ దించుతున్నారు కదా" అన్న మాటతోనే గ్యారేజీలో బిల్లు డబుల్ అవుతుంది. ఆ మాట వాడాల్సింది వేరే చోట, చివర్లో చెప్తాను.

పెర్ఫార్మెన్స్ క్లచ్‌తో పికప్ పెరుగుతుందా?

పెరగదు. స్లిప్ కాని స్టాక్ క్లచ్ ఇంజిన్ ఇచ్చే టార్క్ మొత్తాన్ని గేర్‌బాక్స్‌కి అందిస్తూనే ఉంటుంది. పెర్ఫార్మెన్స్ క్లచ్ చేసేదీ అదే, ఇంకా ఎక్కువ టార్క్ వచ్చినా జారకుండా చేస్తుంది, అంతే. ఆ ఎక్కువ టార్క్ మీ ఇంజిన్‌లో లేనప్పుడు దాని పట్టు మీకు అక్కర్లేదు. వేయించిన మొదటి రోజు కారు కొంచెం చురుగ్గా అనిపిస్తుంది. అది చాలావరకు అరిగిపోయిన పాత ప్లేటు తీసేసినందుకు.

స్టాక్ క్లచ్ ఎంత టార్క్ వరకు పట్టగలదు?

అసలు ప్రశ్న ఇదే, మిగతావన్నీ దీనిమీదే ఆధారపడతాయి. కొంచెం లెక్క చేద్దాం, భయపడకండి.

క్లచ్ పట్టు నాలుగు సంఖ్యల గుణకారం: ఘర్షణ గుణకం, క్లచ్ ప్లేటుని ఫ్లైవీల్‌కి (ఇంజిన్‌తో తిరిగే బరువైన చక్రానికి) అదిమే ప్రెషర్ ప్లేటు నొక్కే బలం, ప్లేటు సగటు వ్యాసార్థం, ఘర్షణ జరిగే ముఖాలు. ప్లేటుకి అటూ ఇటూ కలిపి ముఖాలు రెండు. ఉదాహరణకి గుణకం 0.3, నొక్కే బలం 6,000 న్యూటన్లు, సగటు వ్యాసార్థం 9 సెంటీమీటర్లు అనుకోండి. 0.3 × 6,000 × 0.09 × 2 అంటే 324 ఎన్‌ఎం. 250 ఎన్‌ఎం ఇంజిన్‌కి ఇలాంటి క్లచ్ ఉందంటే దాదాపు 30 శాతం మిగులు ఉన్నట్టు. కార్లు డిజైన్ చేసేవాళ్లు మామూలుగా ఉంచే మిగులు కూడా ఇంచుమించు ఈ కోవలోనే ఉంటుంది.

ఇప్పుడు అదే క్లచ్ వేడెక్కిందనుకోండి. వేడికి మామూలు లైనింగ్ (ప్లేటు మీద ఉండే ఘర్షణ పొర) పట్టు తగ్గుతుంది. గుణకం 0.25కి పడితే పట్టు 270కి దిగుతుంది. స్టాక్ ఇంజిన్‌కి అప్పటికీ ఇబ్బంది లేదు, 250 కంటే ఎక్కువే ఉంది. కానీ అదే ఇంజిన్‌ని రీమ్యాప్ చేయించి (ఇంజిన్ కంప్యూటర్‌లో సెట్టింగులు మార్పించి) టార్క్‌ని 320కి తీసుకెళ్తే? చల్లగా ఉన్నప్పుడు అంచున పట్టుకుంటుంది, వేడెక్కాక జారుతుంది. "పొద్దున బాగానే ఉంటుందండీ, ఘాట్ ఎక్కేటప్పుడే జారుతోంది" అని చాలామంది చెప్పేది ఇందుకే.

నొక్కే బలాన్ని 25 శాతం పెంచి 7,500 చేస్తే చల్లగా 405, వేడిలో 337. ఇప్పుడు 320 ఎన్‌ఎం ఇంజిన్‌కి వేడిలోనూ సరిపోతుంది. ప్లేటు మెటీరియల్ మార్చలేదు, ప్రెషర్ ప్లేటు ఒక్కటే మార్చాం. ఈ సంగతి గుర్తుంచుకోండి, కింద మళ్లీ వస్తుంది.

రీమ్యాప్ చేయిస్తున్నాను. క్లచ్ ముందే మార్చాలా?

కొత్త క్లచ్ ఉండి, టార్క్ 15-20 శాతానికి మించి పెరగకపోతే చాలా కార్లు స్టాక్ మీదే నెట్టుకొస్తాయి. 60 వేల కిలోమీటర్లు సిటీలో తిరిగిన క్లచ్ మీద రీమ్యాప్ చేయిస్తే మాత్రం అదే వారంలో జారడం మొదలైతే ఆశ్చర్యపోకండి. రీమ్యాప్ చేసినవాళ్లని తిట్టుకోవద్దు, అరిగిన క్లచ్ మీకు అంతకుముందు కనిపించలేదు, అంతే.

పీఎస్ చూడొద్దు, టార్క్ చూడండి. అదీ ఏ ఆర్‌పీఎమ్ దగ్గర వస్తోందో చూడండి. చిన్న టర్బో ఇంజిన్లు 1,600-1,800 దగ్గరే టార్క్ మొత్తం కుమ్మరిస్తాయి. పాత టర్బో లేని ఇంజిన్‌లో అదే టార్క్ 4,500 దగ్గర నెమ్మదిగా పెరుగుతూ వచ్చేది. తక్కువ ఆర్‌పీఎమ్‌లో, పెద్ద గేరులో ఒక్కసారిగా మీదపడే టార్క్‌కే క్లచ్ ముందు లొంగిపోతుంది. రీమ్యాప్ చేసేవాళ్లని కింది ఆర్‌పీఎమ్‌లో టార్క్ కొంచెం మెల్లగా ఎక్కేలా పెట్టమని అడగండి. మంచివాళ్లయితే మీరు అడగకముందే చెప్తారు.

జారుతోందని ఎలా తెలుస్తుంది?

ఖాళీ రోడ్డు మీద, ఇంజిన్ వేడెక్కాక, నాలుగో గేరులో 1,800 ఆర్‌పీఎమ్ దగ్గర మెల్లగా వెళ్తూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఆర్‌పీఎమ్ ముల్లు, స్పీడు ముల్లు కలిసే పెరగాలి. ఆర్‌పీఎమ్ ముల్లు ఒక్కసారి ఎగిరి, స్పీడు దాని వెనకాల బద్ధకంగా వస్తే క్లచ్ జారుతున్నట్టే. రెండుసార్లు చూస్తే చాలు. పదిసార్లు చూశారంటే టెస్టుతోనే ప్లేటు మాడిపోతుంది.

కాలిన వాసన ఒక్కటే చూసి తీర్పు ఇవ్వకండి. ఫ్లైఓవర్ మీద జామ్‌లో ఇరుక్కుంటే కొత్త క్లచ్ కూడా వాసన వేస్తుంది.

ఇంకో సంగతి. ప్లేటు బాగానే ఉండి, ఇంజిన్ వెనక ఆయిల్ సీల్ కారి ప్లేటు తడిసినా క్లచ్ జారుతుంది. అలాంటి కారుకి ఎంత ఖరీదైన క్లచ్ వేసినా నాలుగు నెలల్లో కథ మళ్లీ మొదటికొస్తుంది.

ఆర్గానిక్, కెవ్లార్, సిరామిక్ అంటుంటారు. ఏది మంచిది?

ఏ రోడ్డు మీదికి అన్నదాన్ని బట్టి.

ఆర్గానిక్ అంటే మీ కారులో ఇప్పుడున్నదే. రెసిన్‌లో గాజు పోగులు, రాగి లేదా ఇత్తడి తీగలు కలిపి చేసిన లైనింగ్. మెత్తగా పట్టుకుంటుంది, హాఫ్ క్లచ్‌ని సహిస్తుంది, మరీ వేడెక్కితే పట్టు వదిలేస్తుంది. చల్లారాక చాలావరకు కోలుకుంటుంది.

కెవ్లార్ ఎక్కువ కాలం మన్నుతుంది, పట్టుకోవడం కూడా మెత్తగానే. కానీ రన్-ఇన్, అంటే కొత్తలో మెల్లగా నడిపి ప్లేటుని సర్దుకోనివ్వడం, చాలా ఓపిగ్గా చేయాలి. మొదట్లోనే మాడ్చేస్తే పైన గాజులా మెరుపు వచ్చేస్తుంది, ఆ తర్వాత సరిగ్గా పట్టదు. మన సిటీ ట్రాఫిక్‌లో మొదటి వెయ్యి కిలోమీటర్లు దాన్ని మాడ్చకుండా నడపగలనని మీకు నమ్మకం ఉంటే మీ ఇష్టం. నాకు లేదు.

సిరామిక్, సింటర్డ్ మెటల్ రకాల్లో నిండు లైనింగ్ ఉండదు, మూడో నాలుగో ఆరో బిళ్లలు ఉంటాయి. వాటినే పక్ అంటారు. వేడికి చెక్కుచెదరవు, పట్టు గట్టిది. కానీ వాటికి హాఫ్ క్లచ్ తెలియదు. పట్టుకుంటే పట్టుకున్నట్టు, వదిలితే వదిలినట్టు. ట్రాక్ మీద అదే కావాలి.

మెటీరియల్ ఒక్కటే చూస్తే సరిపోదు. ప్లేటు మధ్యలో స్ప్రింగులు ఉన్నాయా లేదా, లైనింగ్ రెండు ముఖాల మధ్య అలల్లా వంచిన సన్నటి స్టీలు రేకులు ఉన్నాయా లేదా చూడండి. స్ప్రింగులు ఇంజిన్ కుదుపుల్ని మింగుతాయి. రేకులు క్లచ్ మెల్లగా పట్టుకునేలా చేస్తాయి. రెండూ లేని ప్లేటు రోడ్డు మీద నడిపే కారుకి కాదు.

మరి మీరు ఆవేశంలో వేయించింది?

ఆరు బిళ్లల సిరామిక్. రీమ్యాప్ తర్వాత స్టాక్ క్లచ్ జారితే, ఒక గ్యారేజీ అతను "అన్నా, ఇది వేస్తే లైఫ్‌లో మళ్లీ క్లచ్ మాట ఉండదు" అన్నాడు. నేను అడిగింది ఒక్కటే ప్రశ్న: "ఎంత టార్క్ పడుతుంది?" రోజూ కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీకి వెళ్తానని అతనికి చెప్పలేదు, అతనూ అడగలేదు.

మొదటి శుక్రవారమే వర్షం. జేఎన్‌టీయూ దగ్గర కారు అడుగు కదలాలంటే క్లచ్ వదలాలి, వదిలితే కారు మొత్తం దడదడలాడుతుంది. ఫోన్ హోల్డర్ ఊడి కింద పడింది. రెండుసార్లు ఇంజిన్ ఆగిపోయింది, వెనక ఆటో అతను హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు. పక్క సీట్లో ఉన్న నాన్న కాసేపు ఊరుకుని, "ఏరా, కారు నేర్చుకుంటున్నావా?" అన్నారు. పదిహేనేళ్లుగా నడుపుతున్నవాణ్ణి!

ఎనిమిది నెలలు భరించాను. ఎడమ మోకాలు నొప్పి పుట్టాక మళ్లీ గేర్‌బాక్స్ దింపించి మూడోది వేయించాను: గట్టి ప్రెషర్ ప్లేటు, స్ప్రింగులున్న ఆర్గానిక్ ప్లేటు, స్టాక్ ఫ్లైవీల్. పైన లెక్కలో 7,500 న్యూటన్లు అన్నది ఈ రకం గురించే. అప్పటినుంచి అదే నడుస్తోంది, జారలేదు. నాన్న కూడా ఏమీ అనలేదు.

స్టేజ్ 1, స్టేజ్ 2, స్టేజ్ 3 అంటే?

అవి ఎవరికి వారు పెట్టుకున్న అంకెలు, అందరికీ ఒకే కొలమానం లేదు. ఒక కంపెనీ స్టేజ్ 2లో ఆర్గానిక్ ఉంటుంది, ఇంకో కంపెనీ స్టేజ్ 2లో బిళ్లలుంటాయి. డబ్బా మీద అంకె చదవడం మానేసి మూడు అడగండి: ఎన్ని ఎన్‌ఎం వరకు, ఏ మెటీరియల్, స్ప్రింగులు ఉన్నాయా. రీమ్యాప్ స్టేజ్ 1 కాబట్టి క్లచ్ కూడా స్టేజ్ 1 అనే లెక్క అసలు లేదు.

మీకు కావాల్సిన దానికంటే చాలా పెద్దది కొనకండి. 320 ఎన్‌ఎం ఇంజిన్‌కి 400 పట్టేది చాలు. 600 పట్టేది కొంటే మిగతా 200కి కట్టేది మీ మోకాలే.

పెడల్ ఎంత బరువెక్కుతుంది?

మిగతావన్నీ అవే ఉంచి నొక్కే బలాన్ని నాలుగో వంతు పెంచితే పెడల్ కూడా ఇంచుమించు అంతే బరువెక్కుతుంది. వారంలో అలవాటైపోతుంది. రెట్టింపు అయితే అలవాటు కాదు. పైగా ఆ బరువు మీ కాలితో ఆగదు. పెడల్ తొక్కితే క్లచ్‌ని విడదీసే రిలీజ్ బేరింగ్, హైడ్రాలిక్ సిలిండర్, క్రాంక్ షాఫ్ట్ పక్కకి జరగకుండా ఆపే థ్రస్ట్ బేరింగ్, అన్నిటి మీదా పడుతుంది. సిగ్నల్ దగ్గర గేరులో పెట్టి క్లచ్ తొక్కి పట్టుకునే అలవాటుంటే న్యూట్రల్ చేయడం నేర్చుకోండి.

డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ తీసేసి సింగిల్ మాస్ వేయమంటున్నారు. వేయించనా?

డ్యూయల్ మాస్ అంటే రెండు ముక్కలుగా ఉండి, మధ్యలో స్ప్రింగులతో ఇంజిన్ కుదుపుల్ని గేర్‌బాక్స్ దాకా పోనివ్వని ఫ్లైవీల్. లూక్ కంపెనీ 1985 నుంచి కార్ల కోసం తయారు చేస్తోంది. ఖరీదెక్కువ, పోతే గుండె జారుతుంది. అందుకే గ్యారేజీల్లో సింగిల్ మాస్ కిట్ సలహా తొందరగా వచ్చేస్తుంది.

సింగిల్ మాస్ తేలిగ్గా ఉంటే ఇంజిన్ చకచకా తిరుగుతుంది, గేరు మార్చేటప్పుడు ఆర్‌పీఎమ్ త్వరగా పడుతుంది, సరదాగానే ఉంటుంది. బదులుగా న్యూట్రల్‌లో గేర్‌బాక్స్ గలగలమంటుంది, డబ్బాలో మేకులు పోసి ఊపినట్టు. ఏసీ వేసి సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మరీను. ఇంట్లో వాళ్లు "కారు పాడైపోయిందేమో" అంటారు, మీరు ప్రతిసారీ వివరించాలి. డీజిల్‌కి అయితే నేను చెప్పే మాట ఒక్కటే: వద్దు.

ముందు ఉన్నది చూపించమనండి. చేత్తో అటూ ఇటూ తిప్పితే ఎంత ఆడుతోంది, గ్రీజు బయటికి చిమ్మిందా, ముఖం మీద నీలం మచ్చలున్నాయా. కంపెనీ చెప్పిన హద్దులోపలే ఆడుతుంటే దాన్ని మార్చాల్సిన పని లేదు.

గట్టి క్లచ్ వేస్తే గేర్‌బాక్స్‌కి ప్రమాదమా?

దూకుడుగా నడిపితే ప్రమాదమే. క్లచ్ ఒకరకంగా ఇంట్లో ఫ్యూజు లాంటిది. 4,000 ఆర్‌పీఎమ్ దగ్గర పెడల్ వదిలేస్తే స్టాక్ క్లచ్ కొంచెం జారి ఆ దెబ్బని తను తీసుకుంటుంది. బిళ్లల క్లచ్ జారదు, దెబ్బ నేరుగా గేర్లకి, డ్రైవ్ షాఫ్ట్‌లకి పోతుంది. క్లచ్ చవక, గేర్‌బాక్స్ చవక కాదు.

డీఎస్‌జీ కారుకి కూడా ఇదే లెక్కా?

కాదు. డీఎస్‌జీ అంటే రెండు క్లచ్‌లతో తనే గేర్లు మార్చుకునే గేర్‌బాక్స్. ఏడు గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీ, అంటే డీక్యూ200, డిజైన్ హద్దే 250 ఎన్‌ఎం. వర్టస్ జీటీ 1.5 ఇంజిన్ ఇచ్చేదీ 250. అంటే కంపెనీయే దాన్ని అంచు దాకా వాడేసింది. రీమ్యాప్ చేయించే ముందు ఆ ఒక్క అంకె గురించి రాత్రంతా ఆలోచించండి. ఆయిల్‌లో మునిగి ఉండే ఆరు గేర్ల డీక్యూ250 హద్దు 350, అది వేరే జాతి.

క్లచ్ పెడల్ లేని ఐఎమ్‌టీ ఉన్న ఐ20 ఎన్ లైన్ అయితే క్లచ్‌ని నొక్కేది మీ కాలు కాదు, ఒక మోటారు. దానికి బరువైన ప్రెషర్ ప్లేటు వేసే ప్రయోగం చేయకండి.

వారంటీ పోతుందా? ఆర్‌సీలో చూపించాలా?

ఆర్‌సీలో క్లచ్ ప్రస్తావనే ఉండదు. వారంటీ సంగతి వేరు. మార్చిన క్లచ్‌కి, దాని చుట్టుపక్కల పోయే వాటికి సర్వీస్ సెంటర్ డబ్బులు కడుతుందని ఆశ పెట్టుకోకండి. వారంటీ ఉన్నంతకాలం స్టాక్‌గానే ఉంచమనే నా సలహా.

అమెరికాలో ఉంటున్నాం, సివిక్ ఎస్‌ఐ ఉంది. అక్కడా ఇదేనా?

ఇంజిన్ లెక్క అదే. 1.5 టర్బో ఇంజిన్ ఉన్న పదో తరం సివిక్ ఎస్‌ఐకి ట్యూన్ (రీమ్యాప్) వేస్తే స్టాక్ క్లచ్ జారడం అక్కడివాళ్లందరికీ తెలిసిన సంగతే. మీకున్న సుఖాలు రెండు. కిట్‌లు ఎంచుకోవడానికి చాలా దొరుకుతాయి. 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం బయటి పార్టు వేసినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు చేయకూడదు, ఆ పార్టు వల్లే పాడైందని వాళ్లు చూపించాలి. ఫ్రీవేల మీదే ఎక్కువ తిరిగేవాళ్లు కొంచెం గట్టి క్లచ్ పెట్టుకున్నా బాధపడరు.

కొత్త క్లచ్‌కి రన్-ఇన్ అవసరమా?

తప్పకుండా. ఆర్గానిక్ అయితే 700-800 కిలోమీటర్లు, అదీ గేర్లు మారుస్తూ ఊళ్లో తిరిగినవి. విజయవాడ హైవే మీద ఆరో గేరులో వెళ్లొచ్చి "500 అయిపోయాయి" అంటే లెక్కలోకి రాదు. అక్కడ క్లచ్ పని చేసింది నాలుగుసార్లే. ఈలోగా ఫుల్ థ్రాటిల్ వద్దు, లాంచ్‌లు (ఆర్‌పీఎమ్ పెంచి పెట్టి, పెడల్ ఒక్కసారిగా వదిలి కారుని దూకించడం) వద్దు.

లాంచ్ చేస్తే నిజంగా అంత అరుగుతుందా?

కదిలేటప్పుడు క్లచ్‌లో పుట్టే వేడి సుమారుగా ఆర్‌పీఎమ్ వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 1,500 దగ్గర మెల్లగా కదలడానికి, 4,000 దగ్గర ఎగబాకడానికి మధ్య తేడా దాదాపు ఏడు రెట్లు. కానీ సిటీలో క్లచ్‌ని ఎక్కువగా చంపేది లాంచ్‌లు కూడా కాదు. ఫ్లైఓవర్ ఎక్కుడు మీద బ్రేక్ వేయకుండా హాఫ్ క్లచ్‌లో కారుని నిలబెట్టడం. 1,400 కిలోల కారుని 20కి 1 వాలు మీద అలా ఆపితే ఆ ప్లేటు మీద సుమారు ఒకటిన్నర కిలోవాట్ల వేడి పుడుతుంది. ఇస్త్రీ పెట్టె కంటే ఎక్కువే, అదీ గాలాడని డబ్బాలో. హ్యాండ్‌బ్రేక్ వాడండి.

మెకానిక్‌కి ఏం చెప్పాలి?

"ఎలాగూ దించుతున్నారు కదా" అన్న మాట వాడాల్సింది ఇక్కడ. గేర్‌బాక్స్ దించే కూలీ ఒకటే కాబట్టి ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ మూడూ కలిపే మార్చమనండి. ఇంజిన్ వెనక ఆయిల్ సీల్ తడిగా ఉంటే అది కూడా. కొత్త ప్లేటుని ముట్టుకునే ముందు చేతికి గ్రీజు లేకుండా తుడుచుకోమని మొహమాటం లేకుండా చెప్పండి.

పాత సెట్ అక్కడే వదిలేయకండి, గోనెసంచిలో వేయించుకుని డిక్కీలో ఇంటికి తెచ్చుకోండి. ప్లేటు చేతిలోకి తీసుకుని రివెట్ల మీద లైనింగ్ ఎంత మిగిలిందో చూడండి. రెండు వైపులా సమానంగా అరిగి రివెట్ల దాకా వచ్చిందంటే దాని ఆయుష్షు నిండింది, కొత్త స్టాక్ సెట్ చాలు. లైనింగ్ మందంగా ఉండి, మాడి నల్లగా మెరుస్తూ, ప్రెషర్ ప్లేటు ముఖం మీద నీలం మచ్చలుంటే పట్టు చాలక జారిందైనా కావాలి, హాఫ్ క్లచ్‌లో మాడిందైనా కావాలి. రెండింట్లో ఏదో మీ కాలికే తెలుసు. ఒక మూల తడిగా జిడ్డుగా ఉంటే మాత్రం ఏ క్లచ్ కొనాలన్న ప్రశ్న పక్కన పెట్టి, సీల్ మార్చారో లేదో గ్యారేజీకి ఫోన్ చేసి కనుక్కోండి.